లంబార్ పంక్చర్‌కీ టైరు పంక్చర్‌కీ ఏం సంబంధం? ఈ మాట అసలు ఎక్కడిది?

గోదారి_గట్టు
మా మేనత్తకి జ్వరం, తలనొప్పి ఎంతకీ తగ్గకపోతే డాక్టరు లంబార్ పంక్చర్ చేయాలన్నారు. వెన్నులోంచి కాస్త నీరు తీసి పరీక్షకి పంపుతారట. ఆవిడ ఆ మాట వినగానే "నా వెన్నుకి పంచర్ వేస్తారా? నేనేమన్నా లూనా బండినా?" అని మంచం మీంచి కదలనంది. అందరం నవ్వేశాం గానీ నాకూ చిరాగ్గానే ఉంది. మనిషి ఒంటికి వాడడానికి ఇంగ్లీషులో ఇంకో మర్యాదైన మాట దొరకలేదా? టైరు షాపు మాటని తీసుకెళ్ళి ఆస్పత్రిలో ఎవరు పెట్టారు?

బెజవాడ_బుల్లెట్
ట్యూబ్‌లెస్ వెన్ను అని చెప్పండి, భయం పోతుంది.

మత్తు_డాక్టర్
టైరు షాపు నుంచి ఆస్పత్రికి రాలేదండీ, ఆస్పత్రిలోంచే టైరు షాపుకి వెళ్ళింది. 1891లో జర్మనీలోని కీల్ ఊళ్ళో హైన్రిక్ క్వింకె అనే వైద్యుడు వెన్నులోకి సూది పెట్టి నీరు తీసే పద్ధతిని లోకానికి చెప్పాడు. అప్పటి నుంచి దాని పేరు లంబార్ పంక్చరే. లంబార్ అంటే నడుము, పంక్చర్ అంటే సూదితో పొడవడం. అంతకు మించి అందులో ఏమీ లేదు.

మీ అత్తయ్యగారికి ఇది చెప్పండి. పెద్దవాళ్ళలో వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ఆగిపోతుంది. సూది పెట్టేది ఇంకా కింద, మూడు నాలుగు పూసల మధ్యో, నాలుగు ఐదు పూసల మధ్యో. అక్కడ వెన్నుపాము ఉండదు, నీళ్ళలో తేలే నరాల పోగులే ఉంటాయి. సిజేరియన్‌కి నడుములో మత్తు ఇచ్చేదీ ఈ దారినే. నేను రోజూ చేసే పనే.

సైకిల్_స్వామి
డాక్టరుగారూ, లెక్క తేడా కొడుతోంది. డన్లప్ గాలి టైరు పేటెంట్ 1888. మీ క్వింకె 1891. అంటే టైరే ముందు కదా? గాలి టైరు వచ్చిందంటే మర్నాడే పంచర్ కూడా వచ్చి ఉంటుంది.

ఇంకో సంగతి, ఆ డన్లప్ కూడా డాక్టరే. కాకపోతే పశువుల డాక్టరు. బెల్‌ఫాస్ట్‌లో ఉండేవాడు. కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు పడలేక రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. ఆ తర్వాత తేలిందేమిటంటే, రాబర్ట్ విలియం థామ్సన్ అనే ఇంకొకాయన 1845లోనే గాలి చక్రానికి పేటెంట్ తీసుకున్నాడు. దాంతో డన్లప్ పేటెంట్ చెల్లలేదు. కంపెనీ మాత్రం నడిచింది.

లాటిన్_పిచ్చి
@సైకిల్_స్వామి, లంబార్ పంక్చర్ అనే జంట మాట టైరు తర్వాతదే, ఒప్పుకుంటాను. పంక్చర్ అనే ఒంటి మాట మాత్రం ఇంగ్లీషులోకి 14వ శతాబ్దం చివర్లోనే వచ్చింది. మొదట్లో సూదిపోటు, ముల్లుపోటు, ఆ పోటు వల్ల పడిన గాయం అనే అర్థాలు. క్రియగా వాడడం 17వ శతాబ్దం చివర మొదలైంది. టైరుకి పంక్చర్ అన్నవాళ్ళు అప్పటికే ఐదు వందల ఏళ్ళ పాతదైన మాటని తెచ్చుకున్నారు.

దీని తల్లి లాటిన్‌లో పుంక్తూరా, అంటే పొడవడం. దాని వెనక క్రియ పుంగెరె, పొడుచు, గుచ్చు. ఈ క్రియ రూపాలు భలే ఉంటాయి. 'పొడుస్తాను' అంటే పుంగో. 'పొడిచాను' అంటే పుపుగి. 'పొడిచినది' అంటే పుంక్తుమ్. ఈ మూడో రూపం నుంచే సగం ఇంగ్లీషు నడుస్తోంది.

బెజవాడ_బుల్లెట్
పుపుగి 😂 ఇది మా పక్కింటి పిల్లాడి ముద్దుపేరులా ఉంది.

తెలుగు_మేష్టారు
నవ్వకు బుల్లెట్టూ. మొదటి అక్షరాన్ని రెట్టించి భూతకాలం చెప్పడం సంస్కృతంలోనూ ఉంది. చకార, బభూవ, దదర్శ అని చదవలేదూ? లాటిన్ పుపుగి అదే కుటుంబపు అలవాటు.

విశ్వగురు_వీరయ్య
అదే నేను చెప్పేది. లాటిన్ మొత్తం సంస్కృతం నుంచి పుట్టిందే. పంచర్ అంటే పంచ. టైరులోని పంచభూతాల్లో వాయువు బయటికి పోవడం. వెతికితే అన్నీ మన దగ్గరే దొరుకుతాయి.

తెలుగు_మేష్టారు
@విశ్వగురు_వీరయ్య, పంచకీ పుంగెరెకీ చుట్టరికం లేదు. లాటిన్‌లో మన పంచకి జోడీ క్వింక్వె. సంస్కృతం, లాటిన్ ఒక ముత్తవ్వ మనవరాళ్ళు. అక్కని పట్టుకుని చెల్లెలికి తల్లి అంటే ఇద్దరికీ కోపం వస్తుంది.

విశ్వగురు_వీరయ్య
ముత్తవ్వని ఎవరు చూశారు మేష్టారూ?

తెలుగు_మేష్టారు
చూడక్కర్లేదు, మనవరాళ్ళ మొహాలు కలుస్తున్నాయి కదా. చుట్టరికమే కావాలంటే అసలైనది చూపిస్తాను. ఆక్యుపంక్చర్‌లో ముందున్న ఆక్యు లాటిన్ ఆకుస్, అంటే సూది. అక్యూట్ కూడా ఆ జాతిదే. దాని మూల ధాతువుకి సంస్కృతంలో చుట్టం అశ్రి, అంటే అంచు, కోణం. నాలుగు అశ్రులున్నది చతురశ్రం. చతురస్రం అని కూడా రాస్తాం. చిన్నప్పటి నుంచి లెక్కల పుస్తకంలో గీస్తున్న బొమ్మలో ఆక్యుపంక్చర్ సూదికి దూరపు చుట్టం ఉంది.

గోదారి_గట్టు
చతురస్రం ఇటు వస్తుందని అనుకోలేదు. సరే, ఆక్యుపంక్చర్ చైనా వైద్యం కదా, దానికి లాటిన్ పేరు ఎవరు పెట్టారు?

లాటిన్_పిచ్చి
విల్లెమ్ తెన్ రైనె అనే డచ్చి వైద్యుడు. 1670లలో జపాన్‌లో నాగసాకి దగ్గర దెజిమా దీవిలో డచ్చి ఈస్టిండియా కంపెనీ తరఫున పనిచేశాడు. అక్కడ సూదివైద్యం చూసి, 1683లో లాటిన్‌లో పుస్తకం అచ్చువేయించాడు. ఆకుస్, పుంక్తూరా రెండూ కలిపి ఆక్యుపుంక్తూరా అన్నాడు.

వరంగల్_వాడిని
మీరంతా లాటిన్‌లో ఉన్నారు గానీ ఇక్కడ అసలు విచిత్రం ఎవరూ చూడలేదు. ఇంగ్లీషులో పంక్చర్ చేయడం అంటే చిల్లు పెట్టడం. మనం ఏమంటాం? "బండి పంచర్ అయింది, పంచర్ వేయించుకొని వస్త" అంటాం. పంచర్ వేయడం అంటే చిల్లు పూడ్చడం! షాపు బోర్డు మీద 'ఇచ్చట పంచర్లు వేయబడును' అని ఉంటే ఇంగ్లీషు తెలిసినోడు బండి తీసుకుని పారిపోవాలె.

అందుకే గట్టు అన్నా, మీ మేనత్త భయం తప్పు కాదు. ఆమెకి తెలిసిన పంచర్‌లో పాత ట్యూబు, గీకే ఆకురాయి, సొల్యూషన్, అతుకు ఉంటాయి. వెన్ను మీద అవన్నీ ఊహించుకుంది పాపం.

సైకిల్_స్వామి
నీళ్ళ తొట్టి మర్చిపోయావు తమ్ముడూ. ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూడాలి. ఆ తర్వాతే ఆకురాయి.

మత్తు_డాక్టర్
ఇది నాకు పనికొచ్చే మాట. ఇకమీదట పంక్చర్ అనకుండా 'వెన్ను నీటి పరీక్ష' అంటాను. పేషెంట్లకి ఆ మాట ఎలా వినపడుతుందో మేం ఎప్పుడూ ఆలోచించలేదు, కాలేజీలో లంబార్ పంక్చర్ అని నేర్పారు, అదే అంటున్నాం.

తెలుగు_మేష్టారు
మాట ఊరు మారితే పని మారడం కొత్తేం కాదు. బోర్డు రాసినవాడి దృష్టిలో పంచర్ అంటే జబ్బు పేరూ, వైద్యం పేరూ. 'వేయడం' అతుకుది. అతుకు వేస్తాం, మాసిక వేస్తాం, అలాగే పంచరూ వేస్తాం. మన వ్యాకరణం ప్రకారం అది శుభ్రమైన ప్రయోగం.

పాయింట్_బ్లాంక్
పుంక్తుమ్ నుంచి సగం ఇంగ్లీషు నడుస్తోంది అన్నారు. ఏదీ చూపించండి, ఊరికే అనేస్తే ఎలా.

లాటిన్_పిచ్చి
మీ పేరుతోనే మొదలుపెడదాం. పాయింట్ అంటే పుంక్తుమ్, ఫ్రెంచి మీదుగా వచ్చింది. మైనం పూసిన పలక మీద మొనతో పొడిస్తే పడే చుక్క అది. చుక్క నుంచి స్థలం, స్థలం నుంచి క్షణం, క్షణం నుంచి వాదనలోని ముఖ్య విషయం. 'ఆయన పాయింట్ లాగాడు' అంటామే, అది కూడా. పంక్చువల్ అంటే సరిగ్గా ఆ చుక్క మీద ఉన్నవాడు. పంక్చుయేషన్ అంటే వాక్యంలో చుక్కలు పెట్టడం. అపాయింట్‌మెంట్‌లోనూ ఉంది. డిసప్పాయింట్ అనే క్రియకి ఇంగ్లీషులో మొదటి అర్థం నిరాశపరచడం కాదు, అపాయింట్ చేసిన పదవిలోంచి తీసేయడం. నిరాశ ఆ తర్వాత వచ్చింది, సహజమే కదా.

పుంగెరె నుంచి నేరుగా దిగినవి ఇంకో జట్టు. పంజెంట్ అంటే ముక్కుని పొడిచే ఘాటు. పాయిన్యంట్ అంటే మనసుని పొడిచే విషాదం. కంపంక్షన్ అంటే చేసిన తప్పు లోపల గుచ్చుకోవడం, దాన్ని చర్చి లాటిన్ బాగా వాడింది. రోమన్ సైనికుడి నడుముకుండే పొట్టి బాకు పేరు పుగియో. సీజర్‌ని చంపాక బ్రూటస్ వేయించిన వెండి నాణెం మీద రెండు బాకులు, మధ్యలో ఒక టోపీ ఉంటాయి. ఆ బాకులు పుగియోలే.

ఓట్ల సంగతి కూడా చెప్పాలి. రోమ్‌లో ఎన్నికల లెక్కింపు అప్పుడు అభ్యర్థి పేరు పక్కన ఓటుకో చుక్క పొడిచేవారు. అలా పుంక్తుమ్ అంటే ఓటు అని కూడా అర్థం వచ్చింది. ఉపయోగాన్నీ తీపినీ కలిపినవాడికే అన్ని చుక్కలూ పడతాయి అంటాడు రోమన్ కవి హొరేస్, కవిత్వం గురించి.

బెజవాడ_బుల్లెట్
రోమ్‌లో తీపి కలిపితే ఓట్లు. మా దగ్గర కలిపేది వేరే.

అసెంబ్లీ_బీట్
చుక్కల మాట వచ్చింది కాబట్టి మా వృత్తి మాట ఒకటి. సభలో ఎవరైనా నోరు జారితే స్పీకర్ ఎక్స్‌పంజ్ చేయమంటారు. రికార్డుల నుంచి తొలగిస్తున్నాం అని మేం రాస్తాం. ఇందాక అనుమానం వచ్చి నిఘంటువు చూస్తే అది కూడా పుంగెరే. ఎక్స్ అంటే బయటికి. లాటిన్‌లో ఎక్స్‌పుంగెరె అంటే జాబితాలో ఒక పేరు దగ్గర చుక్క పొడిచి, ఇది లేనట్టే అని గుర్తు పెట్టడం.

లోక్‌సభలో దీనికి 380వ నిబంధన ఉంది. 381 ప్రకారం, తీసేసిన భాగం ఉండాల్సిన చోట అచ్చులో నక్షత్ర గుర్తులు వేసి, అధ్యక్ష స్థానం ఆదేశంతో తొలగించారని అడుగున రాస్తారు. రోమ్‌లో చుక్కలు, మన దగ్గర నక్షత్రాలు. తీసేశామని చెప్పడానికి ఏదో ఒకటి పొడవక తప్పదు.

పాత_ప్రూఫ్‌రీడర్
మధ్యయుగాల లాటిన్ రాతప్రతుల్లో ఇది కళ్ళారా కనిపిస్తుంది. తోలు మీద రాసేవాడు తప్పు రాస్తే గీకడం పెద్ద పని. అందుకని కొట్టివేయాల్సిన అక్షరం కింద చిన్న చుక్క పెట్టేవాడు. చదివేవాడు ఆ అక్షరాన్ని వదిలేసి చదువుకోవాలి. నేను పత్రికలో చేరిన కొత్తల్లో మా సీనియర్ తప్పు అక్షరాన్ని కొట్టేసి, మళ్ళీ కావాలనుకుంటే దాని కింద చుక్కలు పెట్టేవాడు. అచ్చు ప్రూఫుల్లో కింద చుక్కలుంటే ఉంచమని అర్థం. వాళ్ళకి తీసేయమని, మాకు ఉంచమని. పూర్తిగా తిరగబడింది.

వరంగల్_వాడిని
పంచర్ లాగనే 🙂

డల్లాస్_పిన్ని
ఇక్కడ మాల్‌లో మా మనవరాలికి పియర్సింగ్ చేయించాం. గన్‌లాంటి దానితో టక్కున అయిపోయింది. పిల్లకంటే నేనే ఎక్కువ ఏడ్చాను. పియర్స్ కూడా ఈ పుంగెరే నుంచే వచ్చిందా? రెండింటికీ 'ప'నే కదా.

లాటిన్_పిచ్చి
కాదు పిన్నిగారూ. పియర్స్ ఫ్రెంచి పెర్సియే నుంచి వచ్చింది. దాని వెనక లాటిన్ పెర్తుందెరె. పెర్ అంటే ఇటునుంచి అటు, తుందెరె అంటే కొట్టడం. కొట్టి అవతలికి దింపడం అన్నమాట. మీ గన్ చేసిందదే. పంక్చర్‌లో సూది మొన ముఖ్యం, పియర్స్‌లో దెబ్బ ముఖ్యం.

తెలుగు_మేష్టారు
తుందెరె అన్నారా! సంస్కృతంలో తుద్ ధాతువు, తుదతి అంటే పొడుచును. ఇవి రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవే. తెలుగు కావ్యాల్లో అరుంతుదం అనే మాట ఉంది. అరుస్ అంటే పుండు, తుద అంటే పొడిచేది. పుండు మీద పొడిచే మాట అరుంతుద వాక్యం. సూటిపోటి మాటలకి పెద్దింటి పేరు. వీరయ్యగారూ, ఇది తీసుకోండి, నిఖార్సైన చుట్టరికం.

విశ్వగురు_వీరయ్య
తీసుకున్నాను. పంచభూతాలు మాత్రం వదలను.

డల్లాస్_పిన్ని
మనం చెవులు కుట్టడం అంటాం. పొడవడం అనం. పసిపిల్ల విషయంలో పొడవడం అంటే నోరు రాదు కదా.

తెలుగు_మేష్టారు
శాస్త్రంలో కర్ణవేధ. వేధ అంటే గుచ్చడమే. ఆఫీసులో వేధింపులు అంటామే, ఆ మాట ఇక్కడిదే. పాయిన్యంట్, కంపంక్షన్ ఎలా ఒంటి మీంచి మనసులోకి వెళ్ళాయో ఇదీ అలాగే వెళ్ళింది. సూది ఎక్కడైనా ఆ దారే పడుతుంది.

మగ్గం_మంగ
నాకు లాటిన్ రాదు గానీ పొడవడం బాగా వచ్చు. బ్లౌజు మీద డిజైన్ దింపాలంటే ట్రేసింగ్ పేపరు మీద బొమ్మ గీసి, గీత వెంట సూదితో దగ్గర దగ్గరగా బెజ్జాలు పొడుస్తాం. తర్వాత కిరోసిన్‌లో కలిపిన జింక్ పొడిని గుడ్డతో రుద్దితే కింద బట్ట మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కల మీదే మగ్గం పని. ఒక వీడియోలో తెల్లావిడ ఇదే పని చేస్తూ పౌన్స్ అంది. అది కూడా మీ లిస్టులోదేనా?

లాటిన్_పిచ్చి
మంగగారూ, మంచి చిక్కుముడి ఇచ్చారు. ఇంగ్లీషులో పౌన్స్‌లు రెండున్నాయి. బెజ్జాలు పొడిచే పౌన్స్ పుంగెరె వంశం. రుద్దే పొడికి పౌన్స్ అనే పేరు పూమెక్స్ నుంచి, అంటే నురుగురాయి నుంచి వచ్చింది. ప్యూమిస్ స్టోన్ అంటారే, అది. మీరు ఒక చేత్తో పొడిచి ఇంకో చేత్తో రుద్దుతుంటే రెండు మాటలూ ఒకే బట్ట మీద కలిసిపోతున్నాయి.

మగ్గం_మంగ
మాకు రెండింటికీ కలిపి ఒకటే కూలి.

అనంతపురం_బోరు
పర్ఫొరేట్ సంగతి ఎవరూ తీయలేదే? స్టాంపుల మధ్య చించుకోవడానికి ఉండే బెజ్జాలు.

సైకిల్_స్వామి
స్టాంపుల మొదట్లో అవి ఉండేవి కావు, కత్తెరతో కోసుకోవాలి. హెన్రీ ఆర్చర్ అనే ఐర్లండువాడు 1840లలో యంత్రం చేశాడు. బ్రిటన్‌లో బెజ్జాల స్టాంపులు మామూలైంది 1854 నుంచి.

లాటిన్_పిచ్చి
@అనంతపురం_బోరు, మీరు అడగడమే సబబు. పర్ఫొరేట్ అంటే పెర్, ఫొరారె. ఫొరారె అంటే తొలవడం. లాటిన్‌లో 'ఫ' ఉన్న పాత మాటలకి ఇంగ్లీషు వైపు కొన్నిచోట్ల 'బ' వస్తుంది. ఫ్రాతెర్ అక్కడ బ్రదర్ అయినట్టు, ఫొరారెకి ఇంగ్లీషు జోడీ బోర్. మీ బోరుబావి బోర్!

అనంతపురం_బోరు
అయితే మా లారీకి రోమ్‌లో బంధువులున్నారు. నీళ్ళు పడకపోతే వాళ్ళకి చెప్పుకోవచ్చు. సినిమా బోరు కొట్టడం కూడా ఇదేనా?

తెలుగు_మేష్టారు
ఇంగ్లీషులో ఆ విసుగు బోర్ 18వ శతాబ్దంలో హఠాత్తుగా ఊడిపడింది. తొలిచే బోర్‌తో దానికి ముడి ఇంకా గట్టిగా పడలేదు. కొట్టడం మాత్రం నూటికి నూరుపాళ్ళూ మనది.

పాయింట్_బ్లాంక్
పెనట్రేట్? అది కూడా గుచ్చడమే కదా. ఇక్కడితో జాబితా అయిపోతుంది.

లాటిన్_పిచ్చి
దానిలో గుచ్చడం మొదట్లో లేదు. పెనుస్ అంటే ఇంట్లో సరుకులు దాచే కొట్టుగది, ఆ సరుకులు కూడా. పెనితుస్ అంటే లోలోపలికి. పెనెత్రారె అంటే ఇంటి లోపలిదాకా వెళ్ళడం. ఆ కొట్టుగదిని కాపాడే దేవతలు పెనాతెస్, రోమన్ ఇళ్ళలో భోజనాల వేళ వాళ్ళని తలుచుకునేవారు. కాబట్టి పెనట్రేట్ సూదిది కాదు, గడప దాటి వంటింటి వెనక్కి వెళ్ళినవాడిది.

డల్లాస్_పిన్ని
అయితే మా ఆయన. ఊరగాయ జాడీ ఎక్కడ పెట్టినా పట్టేస్తారు.

బెజవాడ_బుల్లెట్
లాస్ట్ డౌట్. పంచ్ డైలాగ్?

లాటిన్_పిచ్చి
కాగితానికి బెజ్జం వేసే పంచ్ పుంగెరె వంశమే, పాత ఫ్రెంచిలో పోన్సోన్ అనే మొన పనిముట్టు మీదుగా. దెబ్బ అనే పంచ్ కూడా దానితో కలిసే నడిచింది. కాబట్టి హీరో విలన్‌కి విసిరే పంచ్‌కి టైరులో దిగిన మేకుతో చుట్టరికం ఉంది. గ్లాసులో పోసే పంచ్ వేరు, దాన్ని మన ఐదుతో ముడిపెడతారు.

విశ్వగురు_వీరయ్య
పంచ! నేను మొదట్లోనే చెప్పలేదూ?

తెలుగు_మేష్టారు
చెప్పారు గానీ టైరులో చెప్పారు. గ్లాసులో చెప్పాల్సింది.

సైకిల్_స్వామి
రేపు మా షాపు బోర్డు కొత్తగా రాయిస్తున్నాను. పంచరా, పంక్చరా? పెయింటరు అక్షరానికింత అంటున్నాడు.

పాత_ప్రూఫ్‌రీడర్
పంచర్ అనే రాయించండి. చ వత్తు చదివి ఆగేవాడు మీ గిరాకీ కాదు.